టోరీ దీవి: ఖాళీ చేయమంటే కదలని ఊరు

పోస్టు కొంచెం పొడుగ్గా ఉంటుంది, తీరిక చూసుకుని చదవండి.

ఐర్లాండ్ దేశానికి వాయవ్య మూలన, అట్లాంటిక్ సముద్రంలో టోరీ అని ఒక దీవి ఉంది. పొడవు ఐదు కిలోమీటర్లు, వెడల్పు ఒక కిలోమీటరు. ఒడ్డు నుంచి పద్నాలుగు కిలోమీటర్ల దూరం. చెట్టన్నది లేదు, గాలికి నిలవదు. జనం నూట నలభై మంది దాకా ఉంటారు. మన వైపు ఒక చిన్న గూడెంలో ఉండేంత మంది. ఆ కొద్దిమందీ నాలుగు చిన్న పేటలుగా సర్దుకుని ఉంటారు. పొద్దున లేచింది మొదలు ఇంట్లో, కొట్లో, పడవ దగ్గర వాళ్లు మాట్లాడేది ఐరిష్ భాష.

టూరిస్టు పుస్తకాల్లో టోరీ గురించి నాలుగు మాటలు ఉంటాయి. అక్కడ ఒక రాజు ఉండేవాడు, చేపలు పట్టేవాళ్లు బొమ్మలు గీస్తారు, పాత గంట గోపురం ఉంది, అరుదైన పిట్టలు కనిపిస్తాయి. నాలుగూ నిజమే. కానీ 1970ల చివర్లో ఈ ఊరిని ఖాళీ చేయించాలనే ఆలోచన నడిచింది. అది జరిగి ఉంటే ఈ నాలుగు మాటలూ మ్యూజియంలో అద్దం వెనకాల ఉండేవి. అందుకే ఆ ఖాళీ చేయించే కథను, భాష కథను కలిపి రాస్తున్నాను. టోరీలో ఈ రెండూ విడివిడి కథలు కావు.

ముందు భాష సంగతి. ఐరిష్ అంటే ఇంగ్లీషులో ఒక యాస అనుకుంటారు చాలామంది. కాదు. అది ఇంగ్లీషు కన్నా ముందు నుంచీ ఆ నేల మీద ఉన్న వేరే భాష. మాటలు, వ్యాకరణం, పలుకుబడి అన్నీ వేరు. ఇంగ్లీషు మాత్రమే వచ్చినవాడికి ఒక్క వాక్యం కూడా అర్థం కాదు. ఇంకో తమాషా ఏమిటంటే, ఐరిష్‌లో రాజును ‘రీ’ అంటారు. సంస్కృతంలోని ‘రాజ’ శబ్దానికి అది దూరపు చుట్టమే అని భాషావేత్తలు చెబుతారు.

రెండు వందల ఏళ్ల కింద ఐర్లాండ్‌లో లక్షల మందికి ఇదే ఇంటి భాష. 1831లో ఇంగ్లీషు ప్రభుత్వం జాతీయ పాఠశాలలు పెట్టింది, చదువంతా ఇంగ్లీషులోనే. చాలా ఊళ్లలో పిల్లల మెడలో ఒక కర్రముక్క కట్టేవాళ్లు. నోట ఐరిష్ మాట వచ్చినప్పుడల్లా ఆ కర్ర మీద ఒక గాటు పెట్టి, తర్వాత గాట్లు లెక్కబెట్టి అన్ని దెబ్బలు వేసేవాళ్లు. ఇందులో బాధాకరమైన సంగతి ఇంకోటుంది. చాలాచోట్ల తల్లిదండ్రులు కూడా దీనికి సరేనన్నారు. వాళ్లకు భాష మీద ప్రేమ లేక కాదు. ఇంగ్లీషు రాకపోతే అమెరికా ఓడ ఎక్కినా కూలి దొరకదని భయం. ఇంట్లో కోయనో, సవరనో, గోండీనో మాట్లాడి ఒకటో తరగతిలో నోరు కట్టేసుకుని కూర్చున్నవాళ్లకు ఇంతకన్నా విడమర్చి చెప్పక్కర్లేదు.

ఆ తర్వాత 1845లో బంగాళాదుంప తెగులు వచ్చింది. పేదలకు తిండి అంటే ఆ దుంప ఒక్కటే. అయిదారేళ్లలో పది లక్షల మంది చనిపోయారు, ఇంకో పది లక్షల మందికి పైగా దేశం వదిలి వెళ్లారు. కరువు ఎక్కువగా దెబ్బ తీసింది పడమటి తీరంలోని పేదలను, అంటే ఐరిష్ మాట్లాడేవాళ్లను. భాష వెన్ను విరిగింది అక్కడే.

1922లో దేశం బ్రిటిష్ పాలన నుంచి బయటపడింది. 1937 రాజ్యాంగంలో ఐరిష్‌ను మొదటి అధికార భాషగా రాశారు. ప్రతి బడిలో పాఠం ఉంటుంది, ప్రతి బోర్డు మీద అక్షరాలు ఉంటాయి. మరి ఫలితం? 2022 జనాభా లెక్కల్లో ఐరిష్ వచ్చు అని చెప్పినవాళ్లు 18 లక్షలకు పైగా ఉన్నారు. బడి బయట రోజూ మాట్లాడతాం అన్నవాళ్లు సుమారు 72 వేలు. పరీక్ష కోసం నేర్చుకున్న భాష వేరు, కోపమొచ్చినప్పుడు నోట్లోంచి తన్నుకొచ్చే భాష వేరు కదా. ఈ రెండో రకం భాష మిగిలిన ప్రాంతాలను ‘గేల్టాఖ్ట్’ అంటారు. ప్రభుత్వం గీత గీసి గుర్తించిన ప్రాంతాలవి, ఎక్కువగా పడమటి తీరంలో ముక్కలు ముక్కలుగా ఉంటాయి. టోరీ అందులో ఒక చిన్న ముక్క.

ఇక దీవి పాత కథల్లోకి వద్దాం.

ఐర్లాండ్ పురాణాల్లో ఫొమోరియన్లు అని ఒక జాతి వస్తుంది. సముద్రం మీంచి వచ్చి పన్నులు గుంజే రాక్షసులన్నట్టు రాశారు. వాళ్ల నాయకుడు బాలర్. వాడికి ఒక విషపు కన్ను, అది తెరిచి చూస్తే ఎదుట ఉన్నవాళ్లు చనిపోతారు. మనవడి చేతిలో చావు ఉందని జోస్యం విని, కూతురిని ఒక గోపురంలో బంధిస్తాడు. అయినా మనవడు పుడతాడు, చివరికి వాడే తాతను చంపుతాడు. ఆ బాలర్ కోట టోరీలోనే ఉందని కథ. దీవి తూర్పు కొసన సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొండకొమ్ము ఉంది. దాని మెడ దగ్గర పాతకాలం కట్టు గోడల ఆనవాళ్లు ఇప్పటికీ కనిపిస్తాయి. దాన్ని ‘డూన్ వాలర్’ అంటారు, బాలర్ కోట అని అర్థం.

ఇక్కడ నాకు ఆసక్తిగా అనిపించింది ఒకటుంది. పెద్ద నేల మీద మఠాల్లో కూర్చుని ఈ కథలు రాసినవాళ్లకు బాలర్ రాక్షసుడు. టోరీ జనానికి మాత్రం తమ ఊరి పాత దొర. ఆ పేరు చెప్పుకోవడానికి వాళ్లు సిగ్గుపడరు. పుస్తకం రాసేవాడు ఎక్కడ కూర్చుని రాశాడో దాన్ని బట్టి ఎవరు రాక్షసులవుతారో మనకు కొత్త సంగతి కాదు.

ఆరో శతాబ్దంలో కొలంకిల్ అనే క్రైస్తవ సాధువు వచ్చి ఇక్కడ మఠం పెట్టాడని చెప్పుకుంటారు. ఆ మఠం గుర్తులుగా పడమటి పేటలో గుండ్రటి గంట గోపురం మిగిలింది, టీ అక్షరం ఆకారంలో ఉండే అరుదైన రాతి శిలువ మిగిలింది. సాధువును మొదట ఆదరించినవాడు డూగన్ అనే ఊరివాడు. అతని వంశంలో పెద్దవాళ్లకు ఒక హక్కు ఉంది. దీవిలో ఒక చోట మట్టి తీసి ఇచ్చే హక్కు అది. ఆ మట్టి ఉన్నచోట ఎలుకలు ఉండవని నమ్మకం. పడవల్లో పెట్టుకుంటారు. ఆ మట్టిని అమ్మరు, ఎవరంటే వాళ్లు తవ్వరు. ఆ ఇంటివాళ్లు ఇస్తేనే అది పనిచేస్తుంది. సాధువు కథ తోడయింది కానీ, నేల మీద ఒక వంశానికుండే ఈ హక్కు అంతకన్నా పాతదేమో అని నా అనుమానం.

మఠాన్ని 1595లో ఇంగ్లీషు సైన్యం దోచి పాడుచేసింది. 1608లో డొనెగాల్ ప్రాంతంలో తిరుగుబాటు చేసినవాళ్లలో చివరి గుంపును ఈ దీవి మీదే చుట్టుముట్టారు. 1798లో ఐర్లాండ్‌కు సాయంగా వస్తున్న ఫ్రెంచి ఓడలను బ్రిటిష్ నౌకాదళం ఓడించింది కూడా టోరీ దగ్గరి సముద్రంలోనే. ఉల్ఫ్ టోన్ అనే పెద్ద విప్లవకారుడు ఆ పోరులో పట్టుబడ్డాడు. ఇవన్నీ టోరీ పేరుతో జరిగిన పెద్దవాళ్ల యుద్ధాలు. ఊరివాళ్ల సొంత పోరాటం శిస్తు మీద.

1861లో ఈ దీవిని మాంచెస్టర్‌కు చెందిన బెంజమిన్ జూల్ అనే ఆయన కొనుక్కున్నాడు. జనంతో సహా కొన్నట్టే అనుకోండి. జూల్ అనే పేరు ఫిజిక్స్‌లో విన్నారు కదా, శక్తిని కొలిచే ప్రమాణం. ఆ శాస్త్రవేత్త జేమ్స్ జూల్‌కు ఈయన సొంత అన్నదమ్ముడే. ఈయన చర్చిలో ఆర్గన్ వాయించేవాడు, సంగీతం మీద రాసేవాడు. ఎక్కడో మాంచెస్టర్‌లో సంగీతం వాయించుకునే పెద్దమనిషికి, తెడ్డు పట్టి చేపలు పట్టుకునే టోరీ ఇళ్లు శిస్తు కట్టాలి. కొన్నాళ్లకు వాళ్లు కట్టడం మానేశారు. వసూలుకు రావాలంటే పడవ కావాలి, పడవ దిగాలంటే సముద్రం ఒప్పుకోవాలి, దిగినా ఇళ్లలో జప్తు చేయడానికి ఏముంటుంది?

1884 సెప్టెంబరు 22న తెల్లవారుజామున ‘వాస్ప్’ అనే బ్రిటిష్ యుద్ధనౌక టోరీ లైట్‌హౌస్ కిందనే రాళ్లకు కొట్టుకుని మునిగిపోయింది. యాభై మందికి పైగా చనిపోయారు, బతికింది ఆరుగురు. రికార్డుల ప్రకారం ఆ ఓడ వేరే దీవిలో ఇళ్లు ఖాళీ చేయించడం కోసం పోలీసులను, కోర్టు అమీనాలను ఎక్కించుకోడానికి పోతోంది. టోరీ జనం చెప్పే కథ వేరు. ఆ ఓడ తమ దగ్గరికే వస్తోందని, శిస్తు వసూలుకో ఇళ్లు పీకించడానికో వస్తోందని, అది తెలిసి ఊరివాళ్లు శాపాల రాయిని తిప్పారని, అందుకే మునిగిందని చెబుతారు.

ఇద్దరిలో ఎవరి మాట నిజం అని తేల్చాల్సి వస్తే, ఓడ గమ్యం విషయంలో రికార్డులే నమ్మాలి. కానీ ఓడ పని ఏమిటన్నదాంట్లో రెండు కథలూ ఒకటే చెబుతున్నాయి. పేదవాళ్లను ఇళ్లలోంచి లాగేయడానికి అప్పుడు యుద్ధనౌకలు వాడేవాళ్లు. ఆ రోజు కాకపోతే ఇంకో రోజు తమ దగ్గరికి వస్తుందని టోరీ జనానికి తెలుసు. ఇంకో మాట కూడా చెప్పాలి. చనిపోయిన నావికుల్లో చాలామంది మామూలు జీతగాళ్లు. ఒడ్డుకు కొట్టుకొచ్చిన కొందరిని దీవిలోనే పాతిపెట్టారు, ఆ చోటు ఇప్పటికీ చూపిస్తారు. తర్వాత కాలంలో పేద ప్రాంతాల కోసం పెట్టిన ఒక ప్రభుత్వ బోర్డు ఈ దీవిని భూస్వామి చేతిలోంచి కొనేసింది, జూల్ల కథ అంతటితో ముగిసింది.

1960లలో రాబిన్ ఫాక్స్ అనే మానవశాస్త్రవేత్త టోరీకి వచ్చాడు. మార్లవాయిలో హైమన్‌డార్ఫ్ ఉన్నట్టు అనుకోండి, అయితే ఈయనకు ప్రభుత్వ ఉద్యోగం లేదు. జనంతో ఉండి, ఐరిష్ నేర్చుకుని, వంశవృక్షాలు రాసుకుని, 1978లో ‘ద టోరీ ఐలాండర్స్’ అనే పుస్తకం వేశాడు. అందులో మూడు సంగతులు నాకు నచ్చాయి.

ఒకటి పేర్లు. దీవిలో ఇంటిపేర్లు నాలుగైదే. అందుకని మనిషి పేరుకు తండ్రి పేరో తల్లి పేరో, ఆ పైన తాత పేరో తగిలించి పిలుస్తారు. పాట్సీ డాన్ అంటే డాన్ కొడుకు పాట్సీ. ప్రభుత్వ కాగితంలో వేరే పేరు ఉంటుంది, దాంతో ఊళ్లో ఎవరినీ కనుక్కోలేరు. రెండు భూమి. పిల్లలందరికీ, ఆడపిల్లలతో సహా, భూమి మీద హక్కు ఉన్నట్టే లెక్క. కానీ అందరూ అడగరు. బయటికి పోయినవాళ్లు, అవసరం లేనివాళ్లు వదిలేస్తారు, హక్కు మాత్రం పోదు. కాగితం మీద చూస్తే గందరగోళం, ఊళ్లో మాత్రం ఎవరి చెక్క ఎవరిదో అందరికీ తెలుసు. మూడోది పెళ్లి. కొన్ని జంటలు పెళ్లయ్యాక కూడా ఎవరి పుట్టింట్లో వాళ్లే ఉండిపోయేవాళ్లు. భర్త సాయంత్రం వచ్చిపోతుంటాడు. బయటివాళ్లకు ఇది వింత. అక్కడ మాత్రం ముసలి తల్లిదండ్రులను, పొలం చెక్కను, పడవ జట్టును వదిలి రాలేని పరిస్థితికి జనం కనుక్కున్న సర్దుబాటు.

ఇప్పుడు అసలు కథ.

1974 చివర్లో ఒక తుఫాను మొదలై దాదాపు ఎనిమిది వారాలు వదల్లేదు. పడవ పోలేదు, రాలేదు. సరుకులు లేవు, డాక్టరు లేడు. అప్పటికి దీవిలో సరైన రేవు లేదు, నమ్మకమైన కరెంటు లేదు, కుళాయి నీళ్లు లేవు. పైగా వంటకు, చలికి కాల్చుకునే పీట్, అంటే ఎండబెట్టిన బురదగడ్డ, దీవి మీద ఎప్పుడో తవ్వి అయిపోగొట్టారు. అన్నీ ఒడ్డు నుంచే రావాలి. ఆ చలికాలం తర్వాత కొన్ని కుటుంబాలకు విసుగు వచ్చింది. పెద్ద నేల మీద ఇళ్లిస్తే పోతాం అన్నారు. అధికారులకు అది చాలింది. ఒడ్డున ఫాల్కరా అనే ఊళ్లో ఇళ్లు కట్టించారు, 1980ల మొదట్లో పది కుటుంబాల దాకా దిగిపోయాయి.

గమనించండి, ఎవరూ తుపాకీ పట్టుకుని రాలేదు. 1884లో యుద్ధనౌక వచ్చింది, ఈసారి అదేమీ అక్కర్లేదు. రేవు కట్టకపోతే చాలు. కరెంటు ఇవ్వకపోతే చాలు. ఇంత తక్కువ మందికి ఇంత ఖర్చా అని ఆఫీసులో ఒక మాట అంటే చాలు. మిగిలింది చలికాలం చూసుకుంటుంది. పోయినవాళ్లను తప్పుబట్టడానికి నాకు నోరు రాదు. జబ్బుపడ్డ బిడ్డను చేతిలో పెట్టుకుని ఎనిమిది వారాలు సముద్రం వైపు చూస్తే ఎవరైనా ఇల్లు మారతారు.

ఇలా ఖాళీ అయిన దీవులు అప్పటికే ఉన్నాయి. దక్షిణాన గ్రేట్ బ్లాస్కెట్ దీవిలో 1953 నవంబరులో చివరి ఇరవై రెండు మందిని ప్రభుత్వమే దించింది. ఆ చిన్న దీవి నుంచి ఐరిష్ భాషలో గొప్ప పుస్తకాలు వచ్చాయి. తోమాస్ ఓ క్రిహన్ అనే చేపలు పట్టే మనిషి రాసుకున్న జీవితకథ 1929లో అచ్చయింది, ఎన్నో భాషల్లోకి వెళ్లింది. పుస్తకాలు ఇప్పటికీ చదువుతారు. ఆ ఊళ్లో మాత్రం ఇళ్లకు పైకప్పులు లేవు. ఒడ్డున మ్యూజియం ఉంది, టిక్కెట్టు కొనుక్కుని దీవిని చూడొచ్చు. 1960లో ఇనిష్‌షార్క్ అనే దీవి కూడా అలాగే ఖాళీ అయింది. వరుసలో తర్వాతిది టోరీ.

1980లో డీర్మిడ్ ఓ పెకీన్ అనే జెసూట్ పాదిరీ టోరీకి వచ్చాడు. వచ్చింది కొద్దిరోజులకని. ఊరి పరిస్థితి చూసి ఉండిపోయాడు. ఈయన చేసిన పని చాలా మామూలుది, కానీ మొండిగా చేశాడు. ఆఫీసు ఆఫీసూ తిరిగాడు, పేపర్లకు రాశాడు. డబ్లిన్ మంత్రులు వినకపోతే బ్రస్సెల్స్‌లో యూరప్ పార్లమెంటు దాకా పోయాడు, అమెరికా రాజకీయ నాయకుల దాకా పోయాడు. చివరికి ఇయాన్ పెయిస్లీ తలుపు కూడా తట్టాడు. పెయిస్లీ అంటే ఉత్తర ఐర్లాండ్‌లో క్యాథలిక్కుల మీద నిప్పులు చెరిగే ప్రొటెస్టెంట్ నాయకుడు. ఒక జెసూట్ పాదిరీ ఆయన దగ్గరికి సాయానికి పోవడమంటే అక్కడ ఊహకందని సంగతి. పెయిస్లీ సాయం చేశాడు కూడా. ఊరు నిలబడాలంటే తలుపు ఎవరిదని చూడకూడదని పాదిరీకి తెలుసు. ఖాళీ అయిన దీవిని జైలుకో, సైన్యం కాల్పుల అభ్యాసానికో వాడతారనే మాటలు కూడా అప్పుడు వినపడ్డాయి. ఆయన వాటిని పత్రికల్లో గట్టిగా వాడుకున్నాడు.

అయితే ఈ కథను ఒక మంచి పాదిరీ వచ్చి ఊరిని కాపాడాడు అని చెప్పడం నాకు ఇష్టం లేదు. పేపర్లు అలాగే చెబుతాయి, బయటి మనిషి పేరు ఉంటే కథ సులువుగా నడుస్తుంది కాబట్టి. ఆయనను 1984లో అక్కడి నుంచి మార్చేశారు. ఆయన పోయాక కూడా ఊరు నిలబడింది. పది కుటుంబాలు పోయినా, పోము అని కూర్చున్న మిగతా ఇళ్లు లేకపోతే ఆయన ఎవరి కోసం తిరిగేవాడు? ఆ తర్వాత ఏళ్లలో ఒక్కొక్కటీ వచ్చాయి. కరెంటు, నీళ్లు, రేవు, రోజువారీ పెద్ద పడవ, చిన్న హోటలు, ఊరి సహకార సంఘం. 1999లో హైస్కూలు వచ్చింది. దేశంలోనే అతి చిన్న హైస్కూళ్లలో అదొకటి.

ఆ హైస్కూలు గురించి ఒక్క నిమిషం ఆగుదాం. అంతకుముందు పన్నెండేళ్లు రాగానే పిల్లలు ఒడ్డుకు పోయి చదువుకోవాలి. ఆ వయసులో ఇల్లు వదిలి హాస్టల్లో ఉన్నవాళ్లకు తెలుసు, సెలవులకు ఊరొచ్చేసరికి మనకు తెలీకుండానే నోట్లో వేరే భాష ముందొస్తుంది. చేపల పేర్లు, గాలుల పేర్లు, పడవ భాగాల పేర్లు ఏ పాఠంలోనూ ఉండవు. పెద్దవాళ్లతో పాటు పనిలో తిరిగితేనే వస్తాయి. హైస్కూలు వచ్చి ఇంకో అయిదారేళ్లు పిల్లలను ఊళ్లో ఉంచింది. టోరీలో భాషను కాపాడిన వాటిలో రాజ్యాంగం కన్నా రేవుకు, జనరేటరుకు, ఈ బడికి ఎక్కువ మార్కులు వేస్తాను నేను.

ఇక బొమ్మలు, రాజు. టూరిస్టులు వీటికోసమే వస్తారు.

1950లలో డెరెక్ హిల్ అనే ఇంగ్లీషు చిత్రకారుడు టోరీకి వచ్చి సముద్రం బొమ్మలు గీసేవాడు. ఒకరోజు ఆయన గీస్తుంటే జేమ్స్ డిక్సన్ అనే ముసలాయన చూస్తూ నిలబడి, ఇంతకన్నా బాగా నేను గీస్తాను అన్నాడట. డిక్సన్ 1887లో పుట్టినవాడు, అప్పటికి అరవై దాటింది. హిల్ రంగులు ఇస్తానన్నాడు, కుంచెలు కూడా ఇస్తానన్నాడు. డిక్సన్ రంగులు తీసుకుని కుంచెలు వద్దన్నాడు. గాడిద తోక వెంట్రుకలతో తనే చేసుకున్నాడు. ఓడలు, తుఫానులు, తిమింగలాలు, ఊరి ఇళ్లు అన్నీ గీశాడు, బొమ్మ మీదే పేరు, తేదీ, సంగతి రాసేవాడు. మునిగిన వాస్ప్ ఓడ లాంటి కథలు వింటూ పెరిగిన చేతులవి. లండన్, బెల్‌ఫాస్ట్ దాకా ఆయన బొమ్మలు ప్రదర్శనకు పోయాయి. 1970లో చనిపోయేలోపు ఇంకో నలుగురు ఊళ్లో గీయడం మొదలుపెట్టారు. టోరీ చిత్రకారులు అని ఒక పేరే పడింది. హిల్ వాళ్లకు గీయడం నేర్పించలేదు, అది ఆయన చేసిన పెద్ద మంచిపని. నేర్పించి ఉంటే డబ్లిన్ బజారులో దొరికే బొమ్మల్లాగే వీళ్లూ గీసేవాళ్లు.

ఆ గీసేవాళ్లలో ఒకడు పాట్సీ డాన్ రాజర్స్. డబ్లిన్‌లో పుట్టి, చిన్నప్పుడే దత్తత పోయి టోరీ పిల్లాడైపోయాడు. తర్వాత అతనే టోరీ రాజు. ఈ రాజుకు సైన్యం లేదు, పన్ను లేదు, జీతం లేదు. ఊరివాళ్లు కూడబలుక్కుని ఒకరిని అనుకుంటారు, అంతే. పాతరోజుల్లో రాజు పని భూమి చెక్కల తగాదాలు, సముద్రపు నాచు పంపకాలు చూడటం. పాట్సీ డాన్ కాలానికి పని మారింది. పడవ వచ్చినప్పుడల్లా రేవుకు పోయి, దిగిన ప్రతి మనిషికీ చెయ్యి కలిపి స్వాగతం చెప్పేవాడు. సాయంత్రం క్లబ్బులో అకార్డియన్ వాయించేవాడు. ఐరిష్‌లో స్వాగతం చెప్పే మాటకు అర్థం లక్ష స్వాగతాలు అని. లక్ష కాకపోయినా వేలకు వేలు ఆయన ఒక్కడే చెప్పి ఉంటాడు.

బయటివాళ్లకు ఇది తమాషా. కొందరు వేళాకోళం కూడా చేశారు. నాకైతే ఇందులో తెలివి కనపడుతుంది. మన దగ్గర టూరిస్టు బస్సు దిగితే ఏం జరుగుతుందో చూశాం. రిసార్టు వేరే ఊరి వాళ్లది, మైకు పట్టుకున్న గైడు ఇంకో ఊరివాడు, ధింసా ఆడేవాళ్లు మాత్రం మనవాళ్లు. టోరీలో దిగినవాడు మొదట కలిసేది ఊరి రాజును. ఇది ఎవరి ఊరో రేవు మీదే తేలిపోతుంది. అదే రాజు ఖాళీ చేయించే రోజుల్లో పోము అన్నవాళ్లలో ఒకడు. విలేకరులు రాజును చూడ్డానికి వచ్చేవాళ్లు, ఆయన వాళ్లకు రేవు గురించి, పడవ గురించి చెప్పి పంపేవాడు.

అలాగని అంతా బాగుందని కాదు. టూరిస్టు వేసవిలో వస్తాడు, చలికాలంలో రాడు. హోటల్లో పని కొన్ని నెలలే. వచ్చినవాడు ఇంగ్లీషు మాట్లాడతాడు, డబ్బు ఇచ్చేవాడి భాషలోకి మర్యాదగా మారిపోవడం ఎక్కడైనా జరిగేదే. ఇళ్లలో పిల్లల చేతుల్లో ఫోన్లు, వాటిలో అంతా ఇంగ్లీషే. ఐరిష్‌కు సొంత రేడియో 1972 నుంచి, సొంత టీవీ ఛానల్ 1996 నుంచి ఉన్నాయి. మన భాషలతో పోలిస్తే అది చాలా పెద్ద బలం. అయినా గేల్టాఖ్ట్ ఊళ్లలో పిల్లలు ఆటల్లో ఇంగ్లీషులోకి జారిపోతున్నారని అక్కడి పరిశోధకులే రాస్తున్నారు. దీవికి ఒక్కటే తేడా, సముద్రం మధ్యలో ఉండటం వల్ల జారడం కొంచెం నెమ్మది.

2018లో పడవ గొడవ వచ్చింది. ప్రభుత్వ సబ్సిడీతో నడిచే పడవ కాంట్రాక్టు మారినప్పుడు, 1976లో కట్టిన ఒక పాత ఓడను పెడతామన్నారు. టోరీ దారిలో అలలు వేరు, ఈ ఓడ ఇక్కడికి పనికిరాదు అని దీవివాళ్లు ఒప్పుకోలేదు. నెలల తరబడి సాగింది. చివరికి టోరీ కోసమే కొత్త ఓడ కట్టించే మాట తీసుకుని సర్దుకున్నారు. పాట్సీ డాన్ ఆ ఏడాది అక్టోబరులోనే చనిపోయాడు, వయసు డెబ్భై నాలుగు. ఒక చిన్న దీవి రాజు చావు ప్రపంచం నలుమూలలా పత్రికల్లో వచ్చింది.

2023లో ఐర్లాండ్ ప్రభుత్వం దీవుల కోసం ఒక కొత్త విధానం ప్రకటించింది. అందులో శిథిలమైన ఇల్లు బాగుచేసుకుంటే 84 వేల యూరోల దాకా సాయం ఉంది. ఇంటర్నెట్‌లో అది ‘ఐర్లాండ్ దీవికి పోతే 84 వేల యూరోలు ఇస్తారు’ అని పాకిపోయింది, మన తెలుగు యూట్యూబ్ ఛానళ్ల దాకా వచ్చింది. నిజానికి అది ఇంటి రిపేరుకు మాత్రమే, ఇల్లు ముందు కొనుక్కోవాలి, వీసా సంగతి వేరే. ఎవరైనా ఆ వీడియో చూసి ఆశపడి ఉంటే వదిలేయండి.

ఇప్పుడు ఒడ్డున మాహెరోర్టీ అనే రేవు నుంచి పడవ ముప్పావు గంటలో టోరీకి చేరుతుంది. వేసవిలో పోయినవాళ్లకు గడ్డిలో దాక్కుని రాత్రంతా అరిచే కార్న్‌క్రేక్ అనే పిట్ట వినపడుతుంది. యూరప్‌లో చాలాచోట్ల యంత్రాల కోతతో అది కనపడకుండా పోయింది, ఇక్కడ పాత పద్ధతి సాగు వల్ల మిగిలింది. చలికాలంలో సముద్రం ఒప్పుకోని రోజుల కోసం ఒక హెలికాప్టర్ నడుస్తుంది. అందులో ఒడ్డుకు పోయి మందులు, సరుకులు తెచ్చుకునేవాళ్లు ఎక్కువగా ముసలివాళ్లే. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు వాళ్లు కబుర్లాడుకునేది ఐరిష్‌లోనే.